రాజశేఖర చరిత్రమున శకునము, ముహూర్తము, మంత్రము

కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమును గూర్చి యింతవఱకు జరిగిన చర్చలో నధికభాగము రెండు ప్రశ్నలచుట్టును దిరిగినది. తెలుఁగున నిది మొదటి నవలయా కాదా యనునది యొకటి. గోల్డుస్మిత్తు రచించిన 'వికారు ఆఫ్ వేక్‌ఫీల్డు' నకు నిది యెంతవఱకు ఋణపడినదను నది రెండవది. ఈ రెండును దగిన ప్రశ్నలే. కాని వీనికి సమాధానము చెప్పినంతమాత్రమున నీ గ్రంథము చేసిన పని యేమో తెలియదు. 1878 వ సంవత్సరమున వివేకవర్ధనిలో వెలువడుచు 1880 లో పుస్తకరూపమును దాల్చిన యీ కథ గోదావరీతీర జనుల విశ్వాసములను దెలుఁగు కథాప్రపంచమున నొక క్రొత్తస్థానమున నిలిపినది. ఆ స్థానమెట్టిది? అందు గ్రంథకర్త సాధించిన దెంత, సాధింపలేకపోయిన దెంత? ఇది విచార్యము.

కథాసంగ్రహ మీ విచారమునకు వలసినంతవఱకు నిది. ధవళేశ్వరమున రాజశేఖరుఁడను సంపన్నగృహస్థు కలఁడు. ఆతఁడు సజ్జనుఁడు, దాత, స్తోత్రప్రియుఁడు. ముఖస్తుతులు చేయువారును, జ్యోతిష్కులును, మాంత్రికులును నాతని యింటఁ జేరుదురు. పెద్దకూఁతురగు రుక్మిణి భర్త మరణించెనను వార్త వచ్చును. ఆమెకు దయ్యము సోకినదని భూతవైద్యము జరుగును. తుదకు స్వర్ణవిద్య నెఱిఁగినవాఁడనని చెప్పుకొనిన యొక యోగి యింటిలోని బంగారమును గైకొని మాయమగును. ఆస్తి హరించిపోఁగాఁ గుటుంబము కాశీయాత్రకు బయలుదేఱి, త్రోవలో దొంగలపాలై, చెల్లాచెదరై, పెద్దాపురపు సీమలోఁ బెక్కిడుమలఁ బడును. రామరాజను పేర మాఱువేషమునఁ దిరుగుచుండిన కృష్ణజగపతి మహారాజు కడపట వారి నుద్ధరించును. మరణించెననుకొన్న యల్లుఁడు తిరిగి వచ్చును.

ఈ కథలో శకునమునకు జరిగిన గతి యేమో గ్రహింపవలెనన్న నంతకుముందు మన కావ్యములలో శకునమున కున్న పదవి నెఱుఁగవలెను. పదునొకండవ శతాబ్దమున నిదే రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానమందు నన్నయభట్టు తెనిఁగించిన యాదిపర్వమున దుర్యోధనుఁడు పుట్టినపుడు దుర్నిమిత్తములు తోఁచును. వానింజూచి విదురుఁడు ధృతరాష్ట్రునకుఁ గీడు సూచించును. రాజు వినఁడు, కులము నశించును. కురుక్షేత్రసంగ్రామమునకు ముందు పొడమిన యుత్పాతములును నిట్టివే. రామాయణమున సీత యెడమకన్నదరుట, త్రిజట కలగనుట మొదలగునవి యన్నియు ఫలించును. యక్షగానములలోని యెఱుకలసాని నాయికచేయి పట్టి చెప్పిన మాట తప్పినచోటు కానరాదు. ఆమె చెప్పినట్లే నాయకుఁడు వచ్చును, కథ మంగళాంతమగును.

దీనికిఁ గారణము కవులు మూఢవిశ్వాసులగుట మాత్రమే కాదు. కావ్యమున శకునము కవి పాఠకునకుఁ జేయు సైగ. రాఁబోవు కథ నెఱిఁగినవాఁడు కవి. ఆతఁడే శకునమును బుట్టించువాఁడు. కావున నది తప్పుట కవకాశము లేదు. వినువాఁడు శకునమును వినిన వెంటనే భయమునకో యాశకో మనసును సిద్ధపఱచుకొనును. పురాణకాలక్షేపమున నీ సైగల నేండ్లతరబడి వినిన జనులకు లోకమునందును శకునములు తప్పవను భావము బలపడుట సహజము. అనఁగా విశ్వాసమునుండి కావ్యము పుట్టినట్లే కావ్యమునుండి విశ్వాసమును బుష్టి నొందినది. ఈ రెండవ మార్గమును మన విమర్శకులు తగినంతగా గమనింపలేదు.

రాజశేఖర చరిత్రమున మొదటిసారిగా శకునము తప్పినది. మంచి ముహూర్తము నిర్ణయింపించుకొని బయలుదేఱిన కుటుంబమును దొంగలు దోఁచిరి. జాతకములు చూపి చెప్పిన శుభములు గలుగలేదు. మంత్రము జపించినవాఁడు వ్యాధిని గుదుర్చలేదు. పాత్రలు మునుపటి కావ్యములలోని పాత్రలవలెనే శకునములను నమ్ముదురు. గ్రంథకర్త మాత్రము వానికిఁ దన సాక్ష్యమును సమకూర్పఁడు. ఇంతవఱకుఁ గవియు జ్యోతిష్కుఁడును నొక్కపక్షమువారు. ఇపుడు కథకుఁడు జ్యోతిష్కునినుండి విడివడెను. తెలుఁగు కథనమున నిది చిన్నమార్పు కాదు. పాఠకుఁడిఁక నెవనిమాట నమ్మవలెనో తానే తర్కించుకొనవలసినవాఁడయ్యెను.

దీనికిఁ బ్రతిపక్షమునుండి రెండాక్షేపములు రావచ్చును. సంశయవాదము తెలుఁగునకుఁ గ్రొత్త కాదు, వేమన యెన్నఁడో శకునములను, బూటకపు సన్న్యాసులను దూలనాడెను గదా యనునది మొదటిది. నిజమే. కాని వేమనది పద్యము. అది తీర్పును జెప్పును గాని సంఘటనను జూపదు. పద్యమును వినినవాఁడు తలయూఁచి మరల ముహూర్తమున కేగవచ్చును. కథ యట్లు కాదు. నమ్మినవాఁడు క్రమముగా నెట్లు చెడెనో మెట్టుమెట్టుగాఁ జూపును.

రెండవ యాక్షేప మింకను బలమైనది. కపటమంత్రములకథ దండి దశకుమారచరితముననే కలదు. దానిని దెలుఁగు చేసి తిక్కనసోమయాజికి నంకితమిచ్చినవాఁడు కేతన. అందుపహారవర్మ వికటవర్మ యను రాజునకు హోమముచే సుందరరూపము గలుగునని నమ్మించి వానిని వధించును. తంత్రము బూటకమని పాఠకునకుఁ దెలియును. కాని యచట బూటకము చేసినవాఁడు నాయకుఁడు, మోసపోయినవాఁడు దుష్టుఁడు. పాఠకుఁడు మోసగాని నేర్పునకు మెచ్చి నవ్వును. రాజశేఖర చరిత్రమున స్థానములు తాఱుమాఱైనవి. మోసపోయినవాఁడు నాయకుఁడు, మంచివాఁడు, చదువరి యింటిపెద్దవంటివాఁడు. మోసగాఁడు కథనుండి జాఱిపోయి పేరు లేనివాఁడగును. నేర్పును మెచ్చుటకుఁ దావు లేదు. నష్టమును లెక్కపెట్టుకొనుట మాత్రమే మిగులును. పాతకథలలో నున్న వస్తువే యైనను జూచు వైపు మాఱుటచే నర్థము మాఱినది.

గోల్డుస్మిత్తు గ్రంథముతోఁ బోల్చినచో నీ విషయ మింకను స్పష్టమగును. వికారు ఆఫ్ వేక్‌ఫీల్డు 1766 లో వెలువడినది. పంతులుగా రా గ్రంథమును దెనిఁగింపఁబూని, పిమ్మట నా యత్నమును మాని, స్వతంత్రముగా నీ కథను గల్పించితిమని స్వీయచరిత్రమునఁ జెప్పియున్నారు. రెంటను సంపన్నకుటుంబము దరిద్రమగును. రెంటను మాఱువేషమున నున్న యొక మహానుభావుఁడు తుదకు రక్షించును. విమర్శకులు సామ్యములను లెక్కించి యాఁగిరి. చూడవలసినది భేదము. ఆంగ్లకథలోఁ బ్రిమ్‌రోజు మతాచార్యుని ధనము పట్టణములోని వర్తకుఁడొకఁడు పరారియగుటచేఁ బోయినది; ఆతని కుమారుఁడు సంతలో గుఱ్ఱము నమ్మి పనికిమాలిన పచ్చకండ్లజోళ్ళను గొని తెచ్చెను. అచటి మోసము వ్యాపారమునకు సంబంధించినది. ధవళేశ్వరమున రాజశేఖరుని ధనము వర్తకునిచేతఁ బోలేదు. స్తోత్రపాఠకుల చేతను, శుభకార్యాడంబరముల చేతను, బంగారము చేయు యోగి చేతను బోయినది. పరదేశకథను మన యింటికిఁ దెచ్చునపుడు పంతులుగారు మార్చిన కీలక మిది. ఇంగ్లండున వర్తకుఁడు చేసిన పనిని మనచోట విశ్వాసము చేయుచున్నదని యాయన చెప్పినట్లయ్యెను.

ఇందుండి గ్రంథములోని ముఖ్యాంశము తేటపడుచున్నది. పంతులుగారు దూషించినది విశ్వాసమును గాదు, విశ్వాసముతో జరుగు బేరమును. జ్యోతిష్కుఁడు రాజశేఖరుని యింటికి వచ్చుట యచట ధనముండుటచేతనే. ధనము పోయినపిదప నాతఁడు గాని, స్తుతిపాఠకులు గాని కనఁబడరు. బీదవానికి గ్రహదోషము లేదు. ఉన్నను దానిని జెప్పువాఁడు లేఁడు. స్వర్ణవిద్యాఘట్ట మీ బేరమునకుఁ బరాకాష్ఠ. సామాన్యపు మోసగాఁ డొక వస్తువునకు మాఱుగా మఱియొక వస్తువు నిత్తునని చెప్పును. యోగి బంగారమునకు మాఱుగా నింకను నెక్కువ బంగారమునే యిత్తునని చెప్పెను. రాజశేఖరుఁడు లోభి గాఁడు. ఐనను దానములచేతను, వేడుకల చేతను దఱిగిన సొమ్మును మరల నిండించుకొనవలెనను నవసర మాతని కుండెను. ఆ యవసరమే నమ్మకమునకు ద్వారమైనది. మూఢత్వము తెలివిలేమి వలనఁ గలుగునని సామాన్యముగాఁ జెప్పుదురు. ఈ కథలోఁ జూపఁబడినది వేఱు: తెలివిగలవాఁడును నిరుపాయుఁడైనపుడు మూఢుఁడగును.

భూతవైద్యఘట్టమున బేర మింకొక రూపమును దాల్చినది. రుక్మిణి దుఃఖభారమునఁ గుందుచున్నది. ఆ దుఃఖమును దుఃఖమని పిలుచుట కింటివారికి ధైర్యము లేదు, దయ్యమని పిలిచిరి. పేరు మాఱినవెంటనే యామెను విచారించువారు మాఱిరి. తల్లి యూఱడింపవలసినదానిని మాంత్రికుఁడు బెదరించును. ఆమె చెప్పినమాట యామెది గాక దయ్యపుమాట యగును. 1881 డిసెంబరు 11 వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిన పంతులుగారి సంస్కరణోద్యమమున కీ ఘట్టమునకుఁ గల సంబంధము స్పష్టము. వితంతువుల పట్ల జరుగు నన్యాయమును గూర్చి యాయన యుపన్యాసములలోఁ జెప్పినది ధర్మశాస్త్రవాదము. ఇచట నన్యాయమున కొక గది, యొక చాప, చుట్టును మూఁగిన బంధువులు కలరు. వాదముకంటె నిది బలముగా నంటును.

ఇఁక గ్రంథములోని కొఱఁతలు. మొదటిది కథానిర్మాణమునకు సంబంధించినది. శకునములు తప్పునని చెప్పిన గ్రంథమునఁ గాకతాళీయములు తప్పవు. చచ్చెననుకొన్నవారు బ్రదికి వత్తురు. తప్పిపోయినవారు సరియైన సమయమునకుఁ గలిసికొందురు. మాఱువేషపు రాజు కావలసినచోటనే యుండును. దుష్టులకు శిక్షయు, శిష్టులకు రక్షయుఁ గొలఁది దప్పక కలుగును. జ్యోతిష్కునకు నిరాకరించిన యధికారమును గ్రంథకర్త తానే కైకొనెను. హచ్చిన్‌సనను నాంగ్లేయుఁడు దీని నింగ్లీషులోనికిఁ బరివర్తించి 1887 లో లండనునఁ బ్రకటించినపు డదృష్టచక్రమని యర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ పే రూరక పెట్టినది కాదు. విధిని జదువఁగలమను వారిని బరిహసించిన కథ విధిచక్రము తిరుగుటచేతనే ముగియుచున్నది. రాజశేఖరుఁడు తన దోషమును దెలిసికొని, తన ప్రయత్నముచేఁ బైకి వచ్చియుండినచోఁ గథలోని తర్కము చివరవఱకు నిలిచెడిది. ఉన్నస్థితిలో రాజానుగ్రహము యోగి చూపిన బంగారమునకు బదులుగా వచ్చిన మఱియొక బంగారమువంటిదే.

రెండవ కొఱఁత కథాస్థలమునకు సంబంధించినది. పంతులుగారు ధవళేశ్వరమున నుపాధ్యాయులుగా నుండినవారు. 1874 లో వివేకవర్ధనిని స్థాపించుటయు, బాలికల పాఠశాలను దెఱచుటయు నా కాలమునఁ జేసిన పనులు. 1847 మొదలు 1852 వఱకు ఆర్థరు కాటను గట్టించిన యానకట్ట యాయన కన్నులయెదుట నుండెను. కథ యంతకు బూర్వపు రాజులకాలమున జరిగినట్లు కల్పించుటచే నానకట్ట కందుఁ దావు లేకపోయెను. దీనివలన నొక గొప్ప యవకాశము జాఱిపోయినది. కాలువనీరు వచ్చిన తరువాత డెల్టాలోని రైతునకు వానశకునములతోఁ బని తగ్గినది. నీ రెపుడు వచ్చునో లాకుల యధికారి చెప్పును. విశ్వాసము నుపన్యాసము కంటె ననుభవ మెట్లు మార్చునో చూపుటకు ధవళేశ్వరమును మించిన చోటు లేదు. విశ్వాసము నశింపక యెట్లు రూపు మాఱునో కూడ నచటనే చూడవచ్చును. నిత్యము గోదావరీస్నానపుణ్యము నొసఁగినవాఁడని కాటనుదొరను డెల్టా బ్రాహ్మణులు స్నానసంకల్పమునఁ దలఁచుచుండిరని పెద్దలు చెప్పుదురు. యంత్రశాస్త్రజ్ఞుని సంకల్పములోఁ జేర్చుకొన్న సంప్రదాయము పంతులుగారు చిత్రించినంత జడమైనది గాదు.

మూఁడవది విశ్వాసములలోఁ దారతమ్యమును బాటింపకపోవుట. గ్రంథమునఁ గనఁబడునవి యధికభాగ మగ్రవర్ణగృహములోని విశ్వాసములు: జాతకము, ముహూర్తము, మంత్రము, స్వర్ణవిద్య. ఇవి గ్రంథస్థములు, వీనికి వృత్తిగాండ్రు కలరు. కథ నడచు పెద్దాపురముననే యాషాఢమాసమున మరిడమ్మ జాతర జరుగును. ఊరూర నొక యమ్మవారు, పొలిమేరలఁ బోతురాజు, సముద్రతీరపు పల్లెలలో వల వేయుటకు ముందు మ్రొక్కులు, సంతానార్థము గోదావరి యేడుపాయల సాగరసంగమములఁ జేయు సప్తసాగరయాత్ర - వీని నన్నిఁటిని నొక్క మాటలో మౌఢ్యమని త్రోసివేయుట సులభము. జ్యోతిష్కుని బేరమును బట్టి కొలిచిన కొలఁతతో వీనిని గొలువ వీలుకాదు. వీనిలోఁ గొన్నిఁటియందు మోసగాఁడు లేఁడు. భయమును, నాశయు మాత్రమే కలవు.

1872 లో నరహరి గోపాలకృష్ణమసెట్టి ప్రకటించిన శ్రీరంగరాజ చరిత్రము నీసందర్భమున స్మరింపఁదగును. దేశీయుల యాచారవ్యవహారములను దెలుపు గ్రంథములు కావలెనని మేయోప్రభువు కాలమున వెలువడిన ప్రకటన యా గ్రంథమునకుఁ బ్రేరకము. అందలి కథకుఁ డాచారములను వర్ణించును, తీర్పు చెప్పఁడు. పంతులుగారు తీర్పు చెప్పుదురు. వర్ణనము తీర్పునకు లోఁబడియుండును. వర్ణించువాఁడు మోసమును గానలేఁడు. తీర్పరి మోసము లేనిచోటును మోసమునే చూచును. తరువాతి తరమువారీ రెండు లోపములను దీర్పఁబూనిరి. 1907 లో వెలువడిన హెమింగ్‌వే గోదావరిమండల గెజిటీయరును, 1912 నాఁటి థర్‌స్టను దక్షిణదేశ శకునవిశ్వాసగ్రంథమును బరిపాలకులకొఱకు వ్రాయఁబడినవి. రాజమహేంద్రవర ప్రాంతమువారగు నేదునూరి గంగాధరముగా రదే వస్తువునకు లోపలినుండి చేరిరి. పల్లెస్త్రీల నోటనుండి పాటలను సేకరించి మిన్నేరు, సెలయేరు, పన్నేరు మొదలగు సంపుటములలోఁ బ్రకటించిరి. ఆ పాటలను బఠించినవారికి విశ్వాసమన నొక యభిప్రాయము మాత్రమే కాదని, పని చేయుటకును, బిడ్డను గనుటకును, శోకమును సైఁచుటకును జనులు కుదుర్చుకొనిన యొక మార్గమని తెలియఁగలదు.

అమ్మవారి విషయమే యిందుకు నిదర్శనము. మశూచికమును నమ్మవారు పోసినదనుట తెలుఁగుదేశమంతట వాడుక. ఆ వ్యాధికి వైద్యము లేనంతకాలము జాతర వైద్యస్థానమున నుండెను. టీకాలచేత మశూచికము హిందూదేశమునుండి తొలఁగినదని 1977 లోను, లోకమునుండి తొలఁగినదని 1980 లోను బ్రకటింపఁబడినది. మశూచికము పోయినది, జాతర పోలేదు. భయముతో మ్రొక్కినవారి మనుమలు వేడుకతో మ్రొక్కుచున్నారు. రెండుమాటలు దీనివలన గ్రహింపఁదగును. హానికరమగు నమ్మకమును దొలఁగించునది పరిహాసము కాదు, దాని స్థానమునఁ బని చేయఁగల వేఱొక సాధనము. ఆ సాధనము వచ్చినపిదప మిగిలినయాచార మెవరికి హాని చేయనిచో దానితో విమర్శకునకుఁ బోరు లేదు.

పంతులుగారి పరిహాసమును ననుభవముచే నిండించినవారు గోదావరిసీమలోనే తరువాతఁ గనఁబడిరి. గోరా యనఁబరఁగిన గోపరాజు రామచంద్రరావుగారు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలో వృక్షశాస్త్రోపాధ్యాయులుగా నుండి, నిరీశ్వరవాదప్రసంగముల కారణముగా 1933 లో నుద్యోగమునుండి తొలఁగింపఁబడిరి. ఆయన భార్య సరస్వతిగారు గర్భవతిగా నుండఁగా గ్రహణమును జూచిరి. గర్భిణి గ్రహణమును జూచినచో బిడ్డకు గ్రహణపుమొఱ్ఱి కలుగునని తెలుఁగిండ్ల నెల్ల నమ్ముదురు. రుక్మిణికి విశ్వాస మితరులు చేసిన శిక్ష. సరస్వతిగారు దానిని దమ శరీరముమీఁదనే పరీక్షించిరి. వీరేశలింగయుగపు నవలలో నిట్టి స్త్రీ లేదు. కథలో లేనిది జీవితమున వచ్చినది. కళింగసీమనుండి గురజాడ అప్పారావుగారు 1910 లో హేలీతోకచుక్క కనఁబడినపుడు వ్రాసిన ముత్యాలసరములలో నా చుక్కను గీడునకు గుఱుతుగాఁ గాక చుట్టముగా భావించిరి. తప్పిన శకున మచట మఱియొక యడుగు ముందుకు సాగి శుభమునకే సంకేతమైనది.

ఈ చర్చ పాతపుస్తకములకు మాత్రమే సంబంధించినదని తలఁపరాదు. గురుఁడు సింహరాశిని బ్రవేశించునపుడు గోదావరికిఁ బుష్కరము. గురుని పరిభ్రమణకాలము 11.86 సంవత్సరములు, పండ్రెండేండ్ల కొకసారి యనునది స్థూలగణన. సంప్రదాయమునుబట్టి పుష్కరము పండ్రెండుదినములు. ఆ దినములన్నియుఁ బుణ్యదినములే. 2015 జులై 14 మొదలు 25 వఱకు జరిగిన పుష్కరమున నిది 144 సంవత్సరముల కొకసారి వచ్చు మహాపుష్కరమనియు, మొదటిదినపు ముహూర్తమునఁ జేసిన స్నానము విశేషఫలప్రదమనియు విరివిగాఁ బ్రచారము జరిగినది. మొదటి యుదయముననే రాజమహేంద్రవరమున నొక్క ఘట్టమున జనులు క్రిక్కిఱిసి, త్రొక్కిసలాటలో 20 మందికి మించి మృతిచెందిరి. జస్టిసు సోమయాజులుగారి విచారణసంఘ నివేదిక 2018 లో శాసనసభముందుంచఁబడినది. ముహూర్తమును గూర్చిన ప్రచారమును, జనుల గ్రుడ్డినమ్మకమును నది కారణములుగాఁ బేర్కొన్నది. జనసమ్మర్దమును నడపుట పాలకుల బాధ్యత. నమ్మినవారిమీఁద నేరమంతయు మోపుట న్యాయముగాదు. కాని స్నానమునం దున్న భక్తికిని, ముహూర్తమునకుఁ గల్పింపఁబడిన వెలకును భేదము కలదు. పండ్రెండుదినముల పుణ్యమును గొన్నిగడియలకుఁ గుదించినది శాస్త్రము కాదు, ప్రచారము. రాజశేఖరుని యింటఁ జేరిన బేరమే యిచట వేఱురూపమునఁ గానవచ్చును.

గోదావరి మన్యమునఁ జిల్లంగి యను మాటకుఁ గల శక్తి యింకను ఘోరము. ఊర నెవఁడైన రోగియైనచో నెవరిమీఁదనో చిల్లంగి యారోపించి, వృద్ధులను, దిక్కులేనివారిని గొట్టుటయుఁ జంపుటయు నిటీవలి కాలమునఁ గూడ వినఁబడినవి. అచట వైద్యుఁడు దూరము, అనుమానము దగ్గఱ. రుక్మిణి ఘట్టము నవ్వు పుట్టించుటకు వ్రాసినది కాదని యిట్టి వార్తలు తెలుపుచున్నవి. దుఃఖమునకును, రోగమునకును దప్పుపేరు పెట్టినపు డెవరో యొకరు దానికి మూల్యము చెల్లింతురు; అట్లు చెల్లించునది సామాన్యముగా నింట బలహీనురాలు, ఊర నొంటరి.

కావున రాజశేఖర చరిత్రమును సంస్కరణప్రచారగ్రంథమని తేలికగా నెంచుటయు, మన యాచారములను నిందించిన గ్రంథమని ద్వేషించుటయు రెండును బొరపాటే. కాకినాడవాసులగు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగా రానాఁడే దానిమీఁద విమర్శనమును వ్రాసిరి. అట్టి యెదురువాదములు గ్రంథమునకు గౌరవమేగాని హాని గాదు. అందలి కాకతాళీయములు నేఁటి చదువరి కోపికను బరీక్షించును. గ్రామీణుల విశ్వాసములను గూర్చి యందు దృష్టి చాలదు. ఐనను మూఁడుపనులు దానివలన జరిగినవి. కథకుఁడు జ్యోతిష్కునకు సాక్షిగా నుండుట మానెను. మోసగాని నేర్పునుండి మోసపోయినవాని నష్టమునకుఁ బాఠకుని దృష్టి మఱలెను. విశ్వాసమున కొక వెల కలదని, దాని నెవరు పుచ్చుకొందురో చూడవలెనని బోధ కలిగెను.

ఇఁకమీఁద గోదావరీప్రాంత సాహిత్యమున విశ్వాసములను బరిశోధించువారు సంఖ్యలకొఱకు శకునములను బట్టికగా వ్రాయుటతోఁ దృప్తిపడరాదు. ప్రతి శకునమునకును మూఁడు ప్రశ్నలు వేయవలెను: గ్రంథమున నిది ఫలించినదా తప్పినదా? దీనిని జెప్పినవానికి లాభమేమి? తప్పినపుడు నష్టపడినవా రెవరు? పంతులుగారు 1919 లో గతించిరి. ఈ ప్రశ్నల నాయన యీ మాటలలో నెచటను వ్రాసియుండలేదు. కాని ధవళేశ్వరములోని యొక యింటికథను జెప్పుచు వానిని నడుగుట తెలుఁగుపాఠకులకు నేర్పిరి.